మద్దెల ఇచ్చి, ఆ తర్వాత సామెత చెప్పండి

పోస్టు పెద్దదే. తిట్టాలనుకున్నవాళ్లు కూడా చివరిదాకా చదివి తిట్టండి.

ఈ పది రోజుల్లో మన గ్రూపులో ఒకటే వీడియో నాలుగుసార్లు వచ్చింది. ఫార్వర్డ్ చేసినవాళ్లంతా మంచి మనసుతోనే చేశారు, వాళ్లతో నాకు పేచీ లేదు. వీడియోలో స్టేజీ మీద ఒక పెద్దమనిషి ఉంటాడు. వెనక తెర మీద నలుగురు నల్లజాతి కుర్రాళ్లు, మంచు మీద బోల్తాపడ్డ ఒక బండి. కింద కూర్చున్నది మన హాస్టల్ పిల్లలు. ఆయన చెప్పేది ఏంటంటే: జమైకాలో మంచే పడదు, అయినా వాళ్లు మంచు బండి తోలడానికి ఒలింపిక్స్‌కి వెళ్లారు, బండి బోల్తాపడినా భుజాన మోసుకుని గీత దాటారు. మరి మీకు ఏం తక్కువ? హాస్టల్ బాలేదంటారు, స్కాలర్‌షిప్ రాలేదంటారు, ఇంగ్లీషు రాదంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ వరస. అంతే, హాలంతా చప్పట్లు. మన పిల్లలే కొట్టారు.

ఇలాంటి క్లాసులు విజయవాడలో ఉన్నవాళ్లకి కొత్త కాదు. బెంజ్ సర్కిల్ నుంచి రామవరప్పాడు దాకా ఏ హోర్డింగు చూసినా ర్యాంకులే. ఆ ర్యాంకుల ఊళ్లో మనకి ఉచితంగా దొరికేది మోటివేషన్ ఒక్కటే. పుస్తకాలు అడిగితే బడ్జెట్ లేదంటారు, స్పీకర్‌ని మాత్రం నెలకొకర్ని పిలుస్తారు. నేను చదివిన ఒక హాస్టల్‌లో (పేరెందుకులెండి) మూడు నెలలు మోటార్ కాలిపోయి బాత్రూముల్లో నీళ్లు లేవు. ఆ మూడు నెలల్లో ఇద్దరు వక్తలు మాత్రం వచ్చి వెళ్లారు.

సరే, ఆ జమైకా కథ అసలు ఏంటో చూద్దామని కూర్చుని చదివాను. ఆ కథ మనకి చెప్పకూడదని నేను అనను, చెప్పాలి. కానీ మొత్తం చెప్పాలి. మొత్తం చెబితే అది సంకల్పం కథ కాదు. బండి ఎవరు ఇచ్చారు, జీతం ఎవరు ఇచ్చారు, తలుపు ఎవరు తీశారు అన్న కథ.

ముందు ఆట సంగతి, మనలో చాలామందికి తెలీదు కాబట్టి. బాబ్‌స్లే అంటే పడవ ఆకారంలో ఉన్న బండి. చక్రాలుండవు, కింద ఉక్కు పట్టీలుంటాయి. ఇద్దరో నలుగురో దాన్ని పట్టుకుని యాభై మీటర్లు ప్రాణం పెట్టి పరిగెత్తి తోసి, లోపలికి దూకుతారు. అక్కణ్ణుంచి కిలోమీటరు పైచిలుకు మంచు కాలవలో, మెలికలు తిరుగుతూ, గంటకి నూటముప్పై కిలోమీటర్లు కూడా దాటే వేగంతో కిందికి జారడం. స్కెలిటన్ అంటే ఒక్కడే, చిన్న బల్ల మీద బోర్లా పడుకుని తల ముందుకు పెట్టి అదే కాలవలో జారడం. లూజ్ అని ఇంకోటుంది, అందులో వెల్లకిలా, కాళ్లు ముందుకి. నలుగురు ఎక్కే బాబ్‌స్లేలో మనుషులతో కలిపి బరువు 630 కిలోలు మించకూడదని రూలు. బరువెక్కువైతే వేగం ఎక్కువ కాబట్టి, మనుషులు తేలికైతే బండికి ఇనప దిమ్మలు బిగించుకుంటారు. నాకు నచ్చిన రూలు ఇది. తక్కువైన చోట బరువు కలుపుకోవచ్చు, దాన్ని ఎవరూ మోసం అనరు.

చూశారా, ఇందులో మంచుతో పుట్టి పెరగాల్సిన పనేమీ లేదు. మొదటి యాభై మీటర్లు శుద్ధ పరుగు. పరుగులో జమైకా వాళ్లకి ఎవరూ సాటి రారు. 2018లో నైజీరియా నుంచి వెళ్లిన షెవున్ అడిగున్ అంతకుముందు 2012 లండన్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల హర్డిల్స్ పరిగెత్తిన మనిషి. స్కెలిటన్‌లో అదే దేశం తరఫున వెళ్లిన సిమిడెలే అడెయాగ్బో ట్రిపుల్ జంప్ క్రీడాకారిణి. వేడి దేశం అని నవ్వినవాళ్లకి తెలీనిది ఇదే. కాళ్లలో సత్తా వాళ్లకి ముందునుంచీ ఉంది. లేనిదల్లా బండి, మంచు కాలవ, కోచ్, విమానం టికెట్.

ఇప్పుడు 1988 కాల్గరీ సంగతి. 1993లో డిస్నీ వాళ్లు తీసిన కూల్ రన్నింగ్స్ సినిమాలో కుర్రాళ్లే కలగని, కోచ్‌ని వెతుక్కుని, తిట్లు తిని, ఎదురు తిరిగి గెలుస్తారు. అసలు జరిగింది వేరు. జమైకాలో తోపుడు బండ్ల పందేలు చూసిన ఇద్దరు అమెరికన్లు, జార్జ్ ఫిచ్, విలియం మలోనీ, ఇది బాబ్‌స్లే లాగే ఉందే అనుకున్నారు. ముందు పరుగు పందెం వాళ్లని అడిగితే వాళ్లు ఆసక్తి చూపలేదు. అప్పుడు సైన్యం దగ్గరికెళ్లారు. కల్నల్ కెన్ బార్న్స్ తన మనుషుల్ని ఇచ్చాడు (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆడిన జాన్ బార్న్స్ నాన్న ఈయనే). డడ్లీ స్టోక్స్ సైన్యంలో హెలికాప్టర్ పైలట్. డెవన్ హారిస్ ఆఫీసరు. మైకేల్ వైట్ సైనికుడు. అంటే ప్రాక్టీసు చేసినన్నాళ్లూ ఇంటికి జీతం వెళ్లింది. అమెరికా బాబ్‌స్లే మనిషి హోవార్డ్ సైలర్ కోచింగ్ ఇచ్చాడు. అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో, ఆస్ట్రియాలో మంచు మీద శిక్షణ ఇప్పించారు. ఫిచ్ సొంత డబ్బు పెట్టాడు, టీషర్టులు అమ్మి ఇంకొంత పోగేశారు.

నలుగురి పోటీ మూడో పరుగులో బండి తిరగబడింది. తలలు మంచుకి రాసుకుంటూ కిందిదాకా జారారు. లేచి, బండి పక్కన నడుచుకుంటూ వచ్చారు. భుజాన మోసింది సినిమాలోనే. ఈ ఒక్క తేడా చాలు నాకు. మోస్తే వీరుడు, పక్కన నడిస్తే మామూలు మనిషి. మన పిల్లలకి చూపించడానికి వాళ్లకి మోసేవాడే కావాలి.

ఇక వీడియోలో లేని ముక్క చెప్తాను. అదే జమైకా 1992 ఆల్బర్ట్‌విల్‌లో నలుగురి పోటీలో 25వ స్థానంలో వచ్చింది. 1994 లిలెహామర్‌లో 14వ స్థానం. అమెరికా, రష్యా జట్ల కన్నా ముందు! నడిపింది ఆ డడ్లీ స్టోక్సే, తమ్ముడు క్రిస్ స్టోక్స్ కూడా బండిలో ఉన్నాడు. బోల్తాపడిన వాళ్లే ఆరేళ్లలో 14కి వచ్చారు. దీని మీద సినిమా లేదు, స్లైడు లేదు, చప్పట్లు లేవు. ఎందుకంటే ఇందులో అద్భుతం లేదు. మళ్లీ మళ్లీ పోటీలోకి రానిచ్చారు, మళ్లీ మళ్లీ డబ్బు దొరికింది, చేయి తిరిగింది. ఎవడికైనా అలాగే తిరుగుతుంది. మనం పడిపోవడం వాళ్లకి ముచ్చటగా ఉంటుంది, పడి లేవడం ఇంకా ముచ్చటగా ఉంటుంది. మనం 14వ స్థానంలోకి రావడం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

పోటీలోకి రానివ్వడం అన్నాను కదా, అసలు గొడవ అక్కడే. ఇది జాగ్రత్తగా చదవండి, మనకి బాగా తెలిసిన కథే ఇది.

1988 కాల్గరీలో జమైకా బండితో పాటు, స్కీ జంప్‌లో ఆఖరున వచ్చిన ఇంగ్లండ్ మనిషి ఎడ్డీ ఎడ్వర్డ్స్‌ని చూసి కూడా జనం పడిపడి నవ్వారు. టీవీలకి పండగ. పండగ అయిపోయాక ఒలింపిక్ పెద్దలు రూలు బిగించారు. అంతర్జాతీయ పోటీల్లో ముందు వరసలో వస్తేనే రానిస్తామని. ఇప్పటికీ దాన్ని ఎడ్డీ పేరు మీదే పిలుస్తారు. నవ్వుకున్నంతసేపు నవ్వుకుని, ఆ తర్వాత గేటు వేశారు.

ఆ తర్వాత చాలా ఏళ్లకి ఒక చిన్న కిటికీ తెరిచారు. ఏ ఖండం నుంచీ ఎవరూ రాకపోతే ఎలా అని, ఖండానికొక ప్రాతినిధ్యపు సీటు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే కోటా. 2018 ప్యోంగ్‌చాంగ్‌కి ఘనా తరఫున స్కెలిటన్‌లో అక్వాసి ఫ్రింపాంగ్ అలా వచ్చాడు. ఆయన ఘనాలో పుట్టి, చిన్నప్పుడే నెదర్లాండ్స్ వెళ్లి, కాగితాల్లేకుండా ఏళ్ల తరబడి బతికాడు. తర్వాత అమెరికాలో ఇంటింటికీ తిరిగి వాక్యూమ్ క్లీనర్లు అమ్మాడు. ప్యోంగ్‌చాంగ్‌లో ముప్పైమందిలో ముప్పయ్యో స్థానం. నైజీరియా ఆడపిల్లల బాబ్‌స్లే జట్టు ఇరవైలో ఇరవయ్యోది. ఆఫ్రికా ఖండం నుంచి ఒలింపిక్స్‌కి వచ్చిన మొదటి బాబ్‌స్లే జట్టు అది. షెవున్ అడిగున్ హ్యూస్టన్‌లో తన గ్యారేజీలో చెక్కతో ప్రాక్టీసు బండి చేసుకుని, ఇంటర్నెట్‌లో చందాలడిగి, ఇంకో ఇద్దరు పరుగు పందెం అమ్మాయిల్ని ఒప్పించి ఆ జట్టు కట్టింది.

2022 బీజింగ్ ఒలింపిక్స్‌కి వచ్చేసరికి స్కెలిటన్‌లో ఆ ఖండం సీటు తీసేశారు. ఫ్రింపాంగ్ ర్యాంకింగ్ మీద రావాల్సి వచ్చింది. చివరి పోటీల ముందు కోవిడ్ తగిలి ఆ పోటీలు పోయాయి. ఒలింపిక్స్ పోయింది. జమైకాకి 1988, 1992, 1994 అని మూడు అవకాశాలు దొరికాయి కాబట్టి 14 దాకా వచ్చింది. ఈయనకి దొరికింది ఒకటి. ఆ ఒక్కదాంట్లో ఆఖరున వచ్చాడు, చూశారా కోటా వాళ్లు ఇంతే అనేశారు. మన యూనివర్సిటీ క్యాంటీన్లలో వినిపించే మాటే కదా? మొదటి తరం వాడు మొదటిసారి ఆఖర్లో కాక ఇంకెక్కడ వస్తాడు? 1988లో ఇద్దరి పోటీలో జమైకా ఎన్నోది వచ్చిందో తెలుసా? ముప్పయ్యోది!

ఇదంతా చదువుతుంటే నాకు జీవో నంబర్ 3 గుర్తొచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో ఇచ్చిన జీవో. 2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్‌లో జనమంతా ఇళ్లలో ఉండగా, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల జోలికి మాత్రం షరతులతో వెళ్లలేదు. మన ఉమ్మడి కృష్ణా జిల్లా షెడ్యూల్డ్ ఏరియా కాదు. మైలవరం వైపు తండాలకి, దివిసీమ యానాదుల గూడేలకి ఆ జీవో ఎప్పుడూ అందలేదు. అయినా చింతూరు, పాడేరు వైపు మన తోటివాళ్ల ఇళ్లలో మొదటి జీతం దాంతోనే వచ్చింది. కోయ పిల్లకి కోయ భాషలో అర్థం చెప్పే టీచరు దాంతోనే దొరికింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చట్టప్రకారం నిలబడుతుందా అన్నది లాయర్లు వాదించుకుంటారు, నేను లాయర్ని కాదు. నేను అడిగేది ఒకటే. కిటికీ మూసేటప్పుడు వీళ్లలో ఒక్క స్పీకరైనా నోరు తెరిచాడా? ఫ్రింపాంగ్ సీటు తీసేసినప్పుడు జమైకా స్లైడు చూపించేవాళ్లు ఒక్కరైనా అయ్యో అన్నారా? వాళ్లకి కావాల్సింది లోపలికొచ్చిన మనిషి ఫొటో. లోపలికి రానిచ్చిన రూలుతో వాళ్లకి పనిలేదు.

మన దేశం సంగతి కూడా చెప్పుకుందాం. శివ కేశవన్. తండ్రి మలయాళీ, తల్లి ఇటలీ ఆవిడ, పెరిగింది మనాలి దగ్గర. 1998 నాగనోకి పదహారేళ్లకి వెళ్లాడు, లూజ్‌లో. అక్కణ్ణుంచి 2018 దాకా వరసగా ఆరు వింటర్ ఒలింపిక్స్. దేశంలో మంచు కాలవ ఒక్కటి కూడా లేక, బల్లకి చక్రాలు బిగించుకుని హిమాలయాల్లో లారీలు, గొర్రెల మందల మధ్య రోడ్డు మీద జారుతూ ప్రాక్టీసు చేశాడు. ఆ వీడియో మీలో కొందరు చూసే ఉంటారు, నవ్వుకునే బొమ్మలు పెట్టి పంచుకున్నారు జనం. 2010 వాంకూవర్‌కి ముందు కొత్త స్లెడ్డుకి సుప్రీంకోర్టు లాయర్లు కొందరు చందాలేసుకుని ఇచ్చారు. అదే వాంకూవర్‌లో ప్రారంభోత్సవం రోజే, ప్రాక్టీసులో జార్జియా దేశపు లూజ్ కుర్రాడు నొడార్ కుమరితష్విలి ట్రాక్ మీద నుంచి ఎగిరి స్తంభానికి కొట్టుకుని చనిపోయాడు. ఇది తోపుడు బండి ఆట కాదు, ప్రాణాలతో ఆట. దానికి మనవాడు ఏటవాలు రోడ్డు మీద సిద్ధమయ్యాడు.

2014 సోచిలో ఇంకా ఘోరం. ఢిల్లీలో ఒలింపిక్ సంఘం ఎన్నికల గొడవల వల్ల 2012 చివర్లో భారత్ మీద సస్పెన్షన్ పడింది. శివ కేశవన్ తన దేశం జెండా లేకుండా, ఒలింపిక్ జెండా కింద పోటీ చేశాడు. ఆయన పోటీ ఫిబ్రవరి 9న అయిపోయింది. 11న సస్పెన్షన్ తీసేశారు. పెద్దోళ్లు కుర్చీల కోసం కొట్టుకుంటే మంచు మీద జారేవాడి జెండా పోయింది. ఆరు ఒలింపిక్స్ ఆడి ఆయన తప్పుకునే నాటికి కూడా దేశంలో ట్రాక్ రాలేదు. సంకల్పం సరిపోతుందంటే, ఇరవై ఏళ్ల సంకల్పం ఇది. ఇంకెంత కావాలి?

మన మాలావత్ పూర్ణ సంగతికి వస్తాను. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల. 2014 మే 25న, రాష్ట్రం విడిపోవడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. వెంట ఖమ్మం జిల్లా సాధనపల్లి ఆనంద్ కుమార్. ఆ అమ్మాయి ఫొటో లేని గిరిజన హాస్టల్ ఉండదు, ఉండాలి కూడా. కానీ ఫొటో కింద ఏం రాస్తున్నారో చూడండి: పేదరికం అడ్డు కాదు. ఎలా కాదు? గురుకుల సొసైటీ వందమందికి పైగా పిల్లల్ని భువనగిరి గుట్ట దగ్గర రాతి ఎక్కడం నేర్పించి వడపోసింది. కొంతమందిని డార్జిలింగ్ పంపింది, అందులో కొంతమందిని చలికాలం లడఖ్ పంపింది, చివరికి ఇద్దర్ని ఎవరెస్టుకి పంపింది. బూట్లు, గుడారం, ఆక్సిజన్, షెర్పాలు, అన్నిటికీ డబ్బు కట్టింది ప్రభుత్వం. సెక్రటరీగా ప్రవీణ్ కుమార్ గారు, శిక్షకుడిగా శేఖర్ బాబు గారు వెనక నిలబడ్డారు. పూర్ణ ధైర్యం పూర్ణదే, దాన్ని ఎవరూ తీసుకోలేరు. కానీ పేదరికం అడ్డే. ఆ అడ్డు ఇద్దరి కోసం తీశారు కాబట్టి ఇద్దరు ఎక్కారు. ఫొటో కింద అది రాయండి. మిగతా పిల్లలకి మీ అడ్డు కూడా తీస్తాం అని రాయండి. అలా రాస్తే బడ్జెట్ పెట్టాల్సొస్తుంది, అందుకే రాయరు.

ఎవరెస్టు దూరం, మంచు ఇంకా దూరం. విజయవాడలోనే ఉన్న ఆట చూద్దాం. విలువిద్య. ఈ ఊరు దేశంలో విలువిద్యకి పేరున్న ఊరు. చెరుకూరి లెనిన్ ఇక్కడివాడే, ఆటగాడు, కోచ్. 2010లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. వెన్నం జ్యోతి సురేఖ గారు ఇక్కడివారే. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో మూడు బంగారు పతకాలు. ఆమె కష్టం మీద ఒక్క మాట తక్కువ చేసి మాట్లాడను, చేతులెత్తి దండం పెడతాను.

నా ప్రశ్న వేరు. మన పండగలకి, మన ఫ్లెక్సీలకి, మన విగ్రహాలకి చేతిలో ఏం పెడతారు? విల్లు. ఆదివాసీ అంటే విల్లు. మరి పతకాల విల్లు మన చేతిలో ఎందుకు లేదు? ఎందుకంటే అది వెదురు విల్లు కాదు. పోటీలో వాడే కాంపౌండ్ విల్లు కప్పీలు, కేబుళ్లు, లెన్సు ఉన్న యంత్రం. బాణాలు, మిగతా సరంజామాతో కలిపితే లక్షల్లో ఖర్చు. స్లెడ్డు ఎలాగో అది అలాగ. గూడెం పిల్లవాడు దివిసీమ కాలవ గట్టు మీద ఎంత గురి చూసి కొట్టినా, ఆ యంత్రం పట్టుకోకుండా పోటీలోకి రాలేడు. కొండల్లో ఉన్న మనవాళ్లకి చూపు ఎక్కువ, గురి ఎక్కువ అని పొగుడుతారు. 1987లో కేంద్రం స్పెషల్ ఏరియా గేమ్స్ అనే పథకం కింద, రాజస్థాన్ ఆదివాసీ కుర్రాడు లింబారామ్ చేతిలో వెదురు విల్లు తీసి పోటీ విల్లు పెట్టింది. 1992లో బీజింగ్‌లో ఆసియా పోటీల్లో ఆయన ప్రపంచ రికార్డుని సమం చేశాడు. ఐదేళ్లే పట్టింది! చేతిలో వస్తువు మారితే ఐదేళ్లు, మారకపోతే వెయ్యేళ్లు విగ్రహాలే.

మన డెల్టాలో రైతులకి ఇది బాగా తెలుసు. వరి చేలో ఎలుకలు పడితే యానాదుల్ని పిలుస్తారు. వీళ్ల పనితనం ఇంజినీర్లకి కూడా రాదండీ అని గట్టు మీద నిలబడి మెచ్చుకుంటారు. లెక్క మాత్రం ఎలుకకింత. మెచ్చుకోలు ఎంత పెరిగినా ఆ రేటు మాత్రం పెరగదు.

పోయిన వారం దీని మీద నేను రెండు ముక్కలు రాస్తే ఒక అన్న (నాకు చాలా గౌరవం ఉన్న అన్నే) ఇలా అన్నారు: తమ్ముడూ, మరీ నెగెటివ్‌గా మాట్లాడకు, మన పిల్లలు ముందే ఆత్మవిశ్వాసం లేక చస్తున్నారు, కాస్త స్ఫూర్తి ఇస్తే నీకేం పోయింది? అన్నా, నాకేం పోదు. పిల్లలకే పోతుంది. సంకల్పం ఉంటే చాలని నమ్మిన పిల్లవాడు ఫెయిలైతే ఏమనుకుంటాడు? నాకు సంకల్పం లేదు కాబోలు అనుకుంటాడు. స్కాలర్‌షిప్ ఏడాది ఆలస్యమై ఫీజు కట్టలేదని పరీక్ష రాయనివ్వకపోతే, తప్పు తనలో వెతుక్కుంటాడు. బ్యాగు సర్దుకుని తండాకి పోతాడు, ఎవర్నీ అడగడు. ఆ స్పీకరు చేసే మేలు అదే, అడగకుండా పంపించడం. అదే పిల్లవాడికి స్టోక్స్‌కి జీతం ఉందని, కోచ్ ఉన్నాడని, మూడు అవకాశాలు వచ్చాయని చెప్పి చూడన్నా. వాడు తిరిగి అడుగుతాడు, మరి నాకేవని. నాకు అది ఆత్మవిశ్వాసం లాగే కనిపిస్తుంది.

ఇంకో మాట కూడా వచ్చింది, అసలు మనకి మంచు ఆటలెందుకు అని. నిజమే, బెజవాడ మే నెలలో ఇందిరాగాంధీ స్టేడియం ట్రాక్ మీద చెప్పులు అంటుకుపోతాయి, మంచు బండి ఎవరు అడిగారు? నేను అడగట్లేదు. ఆ కథ తెచ్చింది వాళ్లు. తెచ్చారు కాబట్టి పూర్తిగా విప్పి చూపిస్తున్నాను.

ఆగస్టు 9 దగ్గరికొస్తోంది. ఆదివాసీ దినోత్సవానికి ఈసారి కూడా ఎవరో ఒక స్పీకర్ని తెస్తారు, జమైకా స్లైడు మళ్లీ వస్తుంది. గొడవ చేయొద్దు, అరవొద్దు. అయిపోయాక మైకు అడిగి తీసుకుని మర్యాదగా మూడే అడుగుదాం. సార్, ఆ బండి కొన్నది ఎవరు? ప్రాక్టీసు చేసినన్నాళ్లు వాళ్ల ఇల్లు గడిచింది ఎలా? బోల్తాపడ్డాక మళ్లీ రానిచ్చింది ఏ రూలు? ఆయన మంచివాడైతే చెబుతాడు, తెలీకపోతే మనమే చెప్దాం. మద్దెల ఓడు అని మళ్లీ అంటే, అయ్యా మద్దెల మా చేతికి ఇంకా రాలేదు, వచ్చాక ఓడో కాదో చూసి చెప్తాం అనండి.

ఈలోపు మనం చేసుకోగలిగిన పని ఒకటుంది. మన గ్రూపులో ఆటలాడేవాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. విలువిద్య, కబడ్డీ, పరుగు, ఈత, ఏదైనా సరే. పరిగెత్తేవాళ్లకి స్పైక్స్ ఉన్నాయా, విల్లు పట్టేవాళ్లకి సొంత విల్లుందా, పోటీకి వెళ్లాలంటే రైలు చార్జీ ఎవరిస్తున్నారు, హాస్టల్‌లో గుడ్డు వారానికి ఎన్నిసార్లు పెడుతున్నారు, ఇవి ఎవరూ లెక్కగట్టలేదు. లెక్క లేనిదే ఏ ఆఫీసుకి వెళ్లినా చూద్దాం అంటారు. ఆగస్టు 9న కలెక్టరేట్‌లో ఇచ్చే కాగితంలో స్ఫూర్తి అనే మాట వద్దు, వస్తువుల జాబితా ఉండాలి. కింద కామెంట్లో రాయండి. పేరు అక్కర్లేదు, ఫోన్ నంబర్ అసలే వద్దు. మండలం, ఆట, చేతిలో లేని వస్తువు, ఈ మూడు రాస్తే చాలు. జూలై ఆఖరు దాకా చూసి నేను కాగితం మీద పెడతాను.